చెట్టు కల్లు, మందు కల్లు

సావనీరుకు ఒక సైన్సు వ్యాసం రాసివ్వమని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, నేను ఏ కృష్ణబిలాల గురించో, జన్యువుల గురించో రాస్తాననుకొని వుంటాడు. ఆ విషయాల మీద నాకంటే బాగా రాయగల మిత్రులు మా క్లాసులోనే పదిమంది వున్నారు. నాకు చిన్నప్పటినుంచీ కళ్ళెదుట కనబడిన రసాయనశాస్త్రం వేరే వుంది. మార్చి నెల వచ్చిందంటే చాలు, హాస్టల్లో ఎవరో ఒకరు నా గది తలుపు తట్టి అడిగేది కూడా దాని గురించే. "అరే, మీది పల్లెటూరే గదా, మంచి కల్లు ఎక్కడ దొరుకుతదో చెప్పు. సస్తగ వుండాలె, అసలుది వుండాలె." ప్రతిసారీ నోటిమాటగా చెప్పి విసిగిపోయి, ఒక్కసారే కాగితం మీద పెడుతున్నాను. అధ్యాపకులు క్షమించాలి. వారిలో కొందరు ఇది చదివి లోలోపల సంతోషిస్తారని కూడా నాకు తెలుసు.

మొదట ఒక ఒప్పుకోలు. నాకు ఇరవై ఏళ్ళు. మన రాష్ట్రంలో మద్యం తాగడానికి చట్టం పెట్టిన వయసు 21. కనుక నేను తాగేది నీరా మాత్రమే. కల్లు విషయంలో నాకున్న అర్హతలు మూడు: ముక్కు, కళ్ళు, ల్యాబులో అడిగి తెచ్చుకున్న పి.హెచ్. కాగితాల పుస్తకం. రుచి సంగతి మా నానమ్మకు వదిలేశాను. ఆమె అరవై ఏళ్ళుగా వేసవి సాయంత్రాలు ఒక ముంత తాగుతున్న మనిషి. ఆమె తీర్పుకు అప్పీలు లేదు.

మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక పల్లె. మా పొలం గట్ల మీద పదకొండు తాటిచెట్లున్నాయి. వాటిని గీసే ఆయనను నేను గౌడ్ మామ అంటాను, ఆయన నన్ను అల్లుడా అంటాడు. మా బాపును మాత్రం పటేలా అంటాడు. ఈ వ్యాసంలో పనికొచ్చే మాటల్లో సగం ఆయనవి, మిగతా సగం మన పాఠ్యపుస్తకాలవి. తప్పులేమైనా వుంటే అవి నావి.

ఇంగ్లీషు పుస్తకాలు కల్లును పామ్ వైన్ అంటాయి. ఆ పేరు తప్పు కాదు. ద్రాక్షరసం పులిస్తే వైను, తాటిరసం పులిస్తే కల్లు. కాని ఎంచుకునే పద్ధతిలో పోలిక అక్కడితో సరి. ద్రాక్షవైను కొనేవాడు సీసా మీద ఏ సంవత్సరమో చూస్తాడు. కల్లు కొనేవాడు ఎన్ని గంటలకు దింపారో అడగాలి. సీసా మీద అది రాసి వుండదు, అందుకే ఇంత చెప్పవలసి వస్తున్నది.

మన మిత్రులు నగరంలో కల్లును ఎంచుకునే పద్ధతి ఒకటే. "ఫలానా కాంపౌండుకు పోదాం, ఒక్క సీసాకే మస్తుగ ఎక్కుతది." ఎక్కడమే నాణ్యతకు గుర్తనుకోవడం ఇది. సరిగ్గా దీనికి వ్యతిరేకంగా ఆలోచించాలని చెప్పడానికే నేనిది రాస్తున్నాను. ఎందుకో చిన్న లెక్కతో చూద్దాం.

పచ్చి తాటిరసంలో నూటికి 10 నుంచి 14 పాళ్ళ దాకా చక్కెర వుంటుంది. అది దాదాపు అంతా సుక్రోజే, అంటే మన ఇంట్లో డబ్బాలో వుండే చక్కెరే. మధ్యలో 12 పట్టుకుందాం. ఒక మోలు సుక్రోజు, అంటే 342 గ్రాములు, పూర్తిగా పులిస్తే 184 గ్రాముల ఆల్కహాలు వస్తుంది. ఈ లెక్కన 12 గ్రాముల నుంచి ఆరున్నర గ్రాములకు మించి రాదు. ఘనపరిమాణంలోకి మారిస్తే నూటికి 8 పై చిల్లర. ఇది కాగితం మీది గరిష్ఠం. నిజం ముంతలో కొంత చక్కెర మిగిలిపోతుంది, కొంత ఆమ్లంగా మారుతుంది, కొంత ఈస్టు తన పొట్ట పోసుకోవడానికి వాడుకుంటుంది. అందువల్ల మామూలు కల్లులో 4 నుంచి 6 శాతం ఆల్కహాలు వుంటుంది. 650 మిల్లీలీటర్ల సీసాలో, 5 శాతం చొప్పున, 32 మిల్లీలీటర్లు. ఒక మామూలు బీరు సీసాలో వుండేదీ అంతే.

ఇప్పుడు చెప్పండి. బీరు సీసా ఒక్కటి తాగి మర్నాడు మధ్యాహ్నం దాకా మొద్దునిద్ర పోయినవాడిని ఎవరైనా చూశారా? అదే ఒక్క సీసా కల్లుకు నాలుక తిరగక, కాళ్ళు నిలవక, తెల్లారేదాకా లేవకుండా పడుకున్నాడంటే ఆ పని తాటిచెట్టు చెయ్యలేదు. చెట్టుకు అంత శక్తి లేదు. అందులో ఇంకేదో పడింది. మా ఊళ్ళల్లో దీనికి చక్కటి మాట వుంది. చెట్టు నుంచి దిగినట్టే వుంటే చెట్టు కల్లు, పొడి కలిపితే మందు కల్లు.

మందు సంగతికి వచ్చేముందు చెట్టు సంగతి. ఎండాకాలానికి కల్లు కావాలంటే తాటికల్లే. ఈతకల్లు చలికాలపు సరుకు; ఈతచెట్టు కాండాన్ని పైభాగాన చెక్కి రసం తీస్తారు, ఎండలు ముదిరే వేళకు దాని కాలం వెళ్ళిపోతుంది. తాటిచెట్లలో ఆడ, మగ వేరువేరు చెట్లు. మగదాన్ని పోతుతాడు అంటారు (మావాళ్ళ నోట అది పోద్దాడు), కాయ కాసేదాన్ని పండుతాడు అంటారు. చలి వెనకబడుతూ వుండగా పోతుతాడు మొదలవుతుంది. ఎండలు మండేకొద్దీ పండుతాడు అందుకుంటుంది. తాటిలో రసం వచ్చేది కాండం నుంచి కాదు, పూగెల నుంచి. గెలను కట్టి, మెల్లగా నొక్కి మెత్తబరచి, చివర పలచగా కోస్తారు. ఆ కోతను రోజూ తాజా పరచాలి, లేకపోతే గాయం మూసుకుపోయి ధార ఆగుతుంది. అంటే గౌడ్ మామ ఒక్కొక్క చెట్టూ రోజుకు రెండుసార్లైనా ఎక్కి దిగాలి. మోకు, ముత్తాదు, నడుముకు కత్తులు; చెట్టు అరవై డెబ్బై అడుగులు. ఒకరోజు మానేస్తే ఆ చెట్టు అలుగుతుందంటాడు. వృక్షశాస్త్రం దాన్ని వేరే మాటల్లో చెబుతుందిగాని, మాట మాత్రం నిజం.

గెల నుంచి లొట్టిలో పడే మొదటి చుక్క నీరా. రంగు లేని, తేటగా వుండే, తియ్యటి ద్రవం. పి.హెచ్. దాదాపు 7, అంటే అటు పులుపూ కాదు, ఇటు క్షారమూ కాదు. అందులో ఆల్కహాలు లేదు. కాని ఆ క్షణం నుంచే దానికి అతిథులు వస్తారు. గాలిలోంచి, తేనెటీగల కాళ్ళ మీదినుంచి, లొట్టి లోపలి గోడలకు నిన్నటినుంచి అంటుకొని వున్న మడ్డిలోంచి ఈస్టు కణాలు దిగుతాయి. ఈస్టు ముందు సుక్రోజును గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడుతుంది, ఆ తరువాత వాటిని ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. ఈస్టు ఒక్కటే కాదు, జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా ఇదే పని చేస్తుంది. మెక్సికోలో అగేవ్ మొక్క రసం పులియబెట్టి తాగే పుల్కే అనే పానీయంలోనూ, ఆఫ్రికా తాటికల్లులోనూ శాస్త్రజ్ఞులు దీన్ని చూశారు. మన లొట్టిలో వున్నది కూడా ఆ చుట్టమే.

కల్లు పాలలాగా తెల్లగా వుండడానికి కారణం చాలామందికి తెలియదు. ఎవరూ ఏమీ కలపలేదు. తేటగా వున్న నీరాలో కోట్ల కొద్దీ ఈస్టు, బ్యాక్టీరియా కణాలు పెరిగి తేలుతుంటే వెలుతురు చెదిరి తెల్లగా కనబడుతుంది. మైక్రోస్కోపు కింద ఒక్క చుక్క పెట్టి చూసినరోజు నాకు అన్నం సయించలేదు, మా నానమ్మకు చెబితే నవ్వింది. పెరుగులో ఏముంటయనుకున్నవురా, అన్నది.

నాలుగైదు గంటలు గడిచేసరికి తీపి తగ్గుతుంది, నురగ పెరుగుతుంది, లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియాలు బలపడతాయి. ఇంకా ఆగితే గాలి తగిలిన ఆల్కహాలును మరో బ్యాక్టీరియా వర్గం అసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగరుగా మారుస్తుంది. మొన్నటి వేసవి సెలవుల్లో ఒకరోజంతా చెట్టుకింద కూర్చొని, ఒకే లొట్టిలోంచి గంటగంటకూ చుక్క తీసి కాగితం మీద వేసి చూశాను. తెల్లవారుజామున దింపిన తియ్యకల్లు దగ్గర కాగితం ఇంకా ఆకుపచ్చ ఛాయలోనే వుంది. పొద్దెక్కి, ఎండ చురుక్కుమనే వేళకు పసుపు పచ్చకు తిరిగింది. మూడు గంటలకు నారింజ రంగు, అంటే 4 దగ్గరికి దిగింది. చలికాలంలో ఇదే ప్రయాణానికి ఎక్కువ సమయం పడుతుంది. ఎండలో సూక్ష్మజీవుల పని వేగం అలాంటిది. రుచి తీర్పు చెప్పిన నానమ్మ లెక్క కూడా దాదాపు ఇదే: "పొద్దుగాల ఆడపిల్లలకు, పగటాల పనోళ్ళకు, పొద్దూకితె కుడితి గోలెంలకు."

నీరాను నీరాగానే నిలపడానికి మన పెద్దలకు తెలిసిన ఉపాయం సున్నం. కడిగిన లొట్టి లోపల సున్నం పూస్తే రసం క్షారగుణం పొంది, సూక్ష్మజీవులు చప్పబడతాయి. తాటిబెల్లం వండేవాళ్ళు ఇప్పటికీ ఇదే చేస్తారు. కొత్త ఉపాయం చల్లదనం. కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి రసానికి మంచు నింపిన పెట్టెను తయారుచేసింది. గెల దగ్గరే రసం చల్లబడి, సున్నం అక్కరలేకుండానే పులవకుండా వుంటుంది. దాని పేరు కల్పరస. హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు మీద 2023 మే నెలలో నీరా కేఫ్ మొదలైంది. అక్కడి మర్మం కూడా ఇదే; చెట్టుదగ్గరినుంచి గ్లాసుదాకా చల్లదనం తెగకూడదు. మధ్యలో ఒక గంట ఎండలో వదిలితే నీరా పేరుతో కల్లు అమ్మినట్టే.

ఇక ఎంచుకోవడం.

మొట్టమొదటి పరీక్ష గడియారం. కల్లు ఉదయం చెట్టునుంచి దిగిన గంట రెండు గంటల్లో తాగవలసింది. పదింటికి లేచి, పన్నెండింటికి బయల్దేరి, రెండింటికి పల్లె చేరి, కల్లు పుల్లగా వుందని గౌడును తిట్టే నగరవాసులను నేను చూశాను. గౌడ్ మామ వాళ్ళతో అనేది ఒకటే. "పొద్దెక్కినంక వస్తే నేనేం జెయ్య? కల్లు నా కోసం ఆగుతదా, నీ కోసం ఆగుతదా?"

రెండవది లొట్టి. లోపల మడ్డి గట్టకట్టి వుంటే రసం పడీపడకముందే పులియడం మొదలవుతుంది, అందులో అక్కరకు రాని సూక్ష్మజీవులే ఎక్కువ. కల్లు సాగుతూ, జిగటగా కారితే ఒక రకం బ్యాక్టీరియా చక్కెరను జిగురుగా అల్లిందన్నమాట. విషం కాదుగాని, శుభ్రత చాలలేదని అర్థం. మంచి గీతగాడు లొట్టిని కడిగి, పొగబెట్టి, ఎండబెడతాడు. మూతి మీద కప్పు వుందా అనేది కూడా చూడాలి. తేనెటీగ పడితే తీసేయవచ్చు. రాత్రి గబ్బిలం వచ్చి నాకిపోతే కనబడదు. బంగ్లాదేశంలో పచ్చి ఈతరసం ద్వారానే నిపా వైరస్ మనుషులకు సోకిందని పరిశోధకులు నిర్ధారించారు. అక్కడ ఇప్పుడు వెదురు తడికలతో చెట్టు గాటును, కుండను కప్పమంటున్నారు. మనవాళ్ళు ఏ వైరస్ పేరూ తెలియకుండానే ఈతాకో, తాటాకో అడ్డం కట్టారు.

మూడవది వాసన, నురగ. మంచి కల్లు వాసన తియ్యగా, కాస్త పులిసిన పిండిలాగా వుంటుంది. ముక్కు పుటాలను పొడవదు. ఘాటుగా పొడిస్తే వెనిగరు దాకా వెళ్ళిపోయింది. బతికివున్న కల్లు సన్నటి బుడగలు వదుల్తూనే వుంటుంది. అందుకే సీసాకు మూత బిగించకూడదు. పోయినేడు మా సీనియరు ఒకాయన కల్లు సీసాకు బిరడా బిగించి బ్యాగులో పెట్టుకొని బస్సెక్కాడు. ఘట్‌కేసర్ దాటకముందే బ్యాగులో పేలింది. కండక్టరు దింపేశాడు. కొత్త చొక్కాలు నాలుగు పాడయ్యాయి.

నాలుగవ పరీక్ష మా కెమిస్ట్రీ మాష్టారుకు నచ్చింది. చక్కెర తరిగితేనే ఆల్కహాలు పెరుగుతుంది. రెండూ ఒకే సీసాలో ఒకేసారి నిండుగా వుండవు. సాయంత్రం అయిదింటికి, మంచు పెట్టెలో పెట్టని కల్లు, ఇంకా బెల్లపు పానకంలా తియ్యగా వుందంటే ఆ తీపి చెట్టుది కాదు. సాక్రిన్ కలిపి వుంటారు. నీళ్ళలో పులుపు, తీపి, మత్తు విడివిడిగా కలిపి అమ్మే చోట తయారయ్యేది ఇలాంటి సరుకే.

ఇంతవరకూ బాగానే వుంది. కాని నిజం ఒకటి చెప్పాలి. పైన చెప్పిన పరీక్షలేవీ మత్తుపొడిని పట్టలేవు. వెనకటి రోజుల్లో క్లోరల్ హైడ్రేట్ కలిపేవారు, తరువాత డయజెపామ్, ఇప్పుడు అల్ప్రాజోలం. నిద్రకూ, ఆందోళనకూ డాక్టర్లు మిల్లీగ్రాముల్లో కొలిచి ఇచ్చే మందు అల్ప్రాజోలం. దాన్ని ఒక కూలీ మనిషి చేత్తో డ్రమ్ములో చల్లి కట్టెతో కలిపితే ఏ సీసాలో ఎంత పడిందో ఎవరికి తెలుసు? రంగు మారదు, వాసన రాదు, లిట్మసు కాగితం పట్టదు. ప్రయోగశాలలో క్రొమటోగ్రఫీ చేస్తేనే బయటపడుతుంది. పైగా ఆల్కహాలూ ఈ మందూ మెదడును ఒకే వైపు లాగుతాయి, రెండూ కలిస్తే శ్వాస మందగిస్తుంది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఇంకా ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్ళంతా మనం వెతికే వస్తువునే వెతికినవాళ్ళు. చవకైనది, ఎండకు చల్లనిది.

నాకిది పేపర్లో చదివిన సంగతి మాత్రమే కాదు. మా మేనమామ ఒకాయన నగరంలో మేస్త్రీ పని చేసేవాడు. రోజూ సాయంత్రం ఒక కాంపౌండులో రెండు సీసాలు. దసరాకు మా ఇంటికి వచ్చాడు. మొదటిరోజు బాగానే వున్నాడు. గౌడ్ మామ ప్రత్యేకంగా ఒక లొట్టి తెచ్చి పోస్తే తాగి, "ఏంది బావా, నీళ్ళు పోసినవా?" అన్నాడు. రెండోరోజు రాత్రి నిద్రలేదు, చేతులు వణికాయి. మూడోరోజు గోడతో మాట్లాడడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఫిట్సు వచ్చాయి. మా అమ్మ దయ్యమనుకొని నిమ్మకాయలు తీసింది. ఎవరో కల్లు లేకనే ఇట్లయ్యిందన్నారు, ఇంకో ముంత పట్టారు. తగ్గలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ ఊరి కల్లు తాగుతడు?" అంతే. ఆయన ముఖం చూస్తే ఆ వారం అటువంటి కేసు మాదొక్కటే కాదనిపించింది.

ఆయన చెప్పిందే నాకు అప్పుడు అర్థమైంది, తరువాత పుస్తకంలో చదివాను. రోజూ అల్ప్రాజోలం పడిన మెదడు దానికి అలవాటుపడి, తన సొంత బ్రేకులను సడలించుకుంటుంది. ఒక్కసారిగా మందు ఆగితే బ్రేకు లేని బండి అవుతుంది. చెట్టు కల్లు పోస్తే తగ్గకపోవడానికి కారణం కూడా అదే, అందులో ఆ మందు లేదు గనుక. డాక్టరు మాత్రలు ఇచ్చి, వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్తీ మీద దాడులు జరిగి మందు ఆగిపోగానే ఇలాంటి రోగులు గుంపులుగా ఆసుపత్రులకు వచ్చారు. మీ ఇళ్ళల్లో గాని, మీ వీధిలో గాని ఇలా రోజూ కాంపౌండు కల్లు తాగే మనిషి వుంటే, బలవంతంగా ఒక్కరోజులో మాన్పించకండి. డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ఏం తాగుతున్నాడో దాచకుండా చెప్పండి. సిగ్గుపడి దాచడం వల్లే మేం ఒక రోజు పోగొట్టుకున్నాం.

కనుక ఆఖరి పరీక్ష సీసాకు పెట్టేది కాదు, అమ్మేచోటికి పెట్టేది. చెట్లను లెక్కపెట్టండి. మా గట్టు మీది మంచి చెట్టు రోజుకు నాలుగైదు లీటర్లిస్తే అది గొప్ప. ఒక మనిషి రోజుకు ఎక్కగలిగేది పది పదిహేను చెట్లు. ఒక్క తాటిచెట్టూ కనబడని వీధిలో, ఏడాది పొడవునా, పొద్దున్నుంచి రాత్రిదాకా, ఎన్ని వందలమంది వచ్చినా తరగకుండా కల్లు వస్తున్నదంటే అది ఏ చెట్టునుంచి వస్తున్నదో గుణకారం చేసి చూసుకోండి. లైసెన్సు గోడకు వేలాడుతుండవచ్చు. లైసెన్సు చెట్టెక్కదు. గీసిన మనిషే పోసే చోట, దిగిన చెట్టు కనబడే చోట, "ఈరోజు అయిపోయింది, రేపు రా" అని మొహం మీద చెప్పే చోట కొనాలి. అయిపోవడం మంచి గుర్తు.

ధర సంగతి. మా ఊళ్ళో సీసా చెట్టు కల్లు ఖరీదు బీరు సీసా ఖరీదులో సగం కూడా వుండదు. చవక అన్నవన్నీ కల్తీ కావు. గాజుసీసా, లేబులు, గోదాము, ప్రకటనలు ఏవీ లేకపోవడం వల్ల అది చవక. ఇంకొక కారణం కూడా వుంది, అది చెప్పుకోవడానికి అంత బాగుండదు. చెట్టెక్కే మనిషి ప్రాణానికి అందులో ధర కట్టలేదు. తాటిచెట్టు మీదినుంచి పడి నడుము విరిగినవాళ్ళు మా చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ వున్నారు. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో బెల్టులు, తాళ్ళు వున్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల దేవుడు. గౌడ్ మామకు అది తొడుక్కుంటే మొదట్లో ఊపిరాడలేదట, ఇప్పుడు అలవాటైంది.

ఎండకు కల్లు చలువ అనే మాట మీద ఒక ముక్క. ఇది సగం నిజం. నీరాలో నీళ్ళు, చక్కెర, పొటాషియం వంటి లవణాలు వున్నాయి. ఎండలో పనిచేసి వచ్చినవాడికి అది నిజంగా చలువే. పులిసి ఆల్కహాలు చేరినకొద్దీ లెక్క తిరగబడుతుంది. శరీరంలో నీటిని పట్టి వుంచే హార్మోనును ఆల్కహాలు అణచివేస్తుంది, మూత్రం ఎక్కువగా పోతుంది. 43 డిగ్రీల ఎండలో దాహం వేసి కల్లు తాగితే దాహం తీరినట్టుంటుంది, నీరు మాత్రం బయటికి పోతుంది. మా నానమ్మ కల్లు ముంత పక్కన ఎప్పుడూ కుండనీళ్ళ చెంబు పెట్టుకుంటుంది, ముందు చెంబు, తరువాత ముంత. తాగేది కూడా పొద్దు వాలినాక, నీడన కూర్చొని. పక్కన గుడాలో, ఉల్లిపాయ కారమో వుండాలి. తాగి బండి నడపకూడదని నేను వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. మా హాస్టలు గేటు దగ్గరి స్పీడుబ్రేకరు చెబుతుంది.

మా పదకొండు చెట్ల గురించి చెప్పి ముగిస్తాను. పోయిన జనవరిలో ఇటుకబట్టీ ఆయన వచ్చి బాపుతో బేరం మాట్లాడాడు, అన్ని చెట్లకూ కలిపి ఒకేసారి డబ్బు. ఆ డబ్బు నా ఫీజుకు సరిపోతుందని నాకు తెలుసు, బాపుకూ తెలుసు. తాటిమొక్క నాటితే గీతకు రావడానికి పదిహేనేళ్ళయినా పడుతుంది. గౌడ్ మామకు యాభై అయిదు దాటాయి. కొడుకు నగరంలో డెలివరీ పని చేస్తాడు, చెట్టెక్కనంటాడు. "నా తర్వాత ఎవడెక్కుతడు పటేలా, కొట్టేస్తె కొట్టెయ్యి" అన్నాడు మామ, మోకు సర్దుకుంటూ. బాపు ఇటుకబట్టీ ఆయనకు అవునని అనలేదు, కాదని అనలేదు. ఎండాకాలం పోనీ చూద్దాం అన్నాడు.

కాబట్టి వచ్చేవాళ్ళు ఈ వేసవిలోనే రండి. ఏప్రిల్ రెండో వారానికి పండుతాడు బాగా అందుకుంటుంది. ఉప్పల్ నుంచి మొదటి బస్సు ఎక్కితే మామ మూడో చెట్టు దిగేసరికి గట్టు మీద వుంటారు. స్టీలు డబ్బా తెచ్చుకోండి, మూత వదులుగా పెట్టండి. ఇరవై ఒకటి నిండనివాళ్ళు ఇంకో గంట ముందే రండి, సున్నపు లొట్టి తూర్పు గట్టు మీది రెండో చెట్టుకు వుంటుంది.